పక్క జిల్లా కలెక్టరుకు ఇచ్చిన అధికారం

గౌరవనీయులైన కేంద్ర హోం మంత్రి గారికి,

బిలాస్‌పూర్‌లో రాయ్‌పూర్ లోకల్ ఎక్కితే దారిలో భాటాపారా వస్తుంది. అప్పటికే మా జిల్లా దాటేసి బలౌదాబజార్ జిల్లాలోకి వెళ్లిపోయి ఉంటాం. 2021 మే 28న మీ మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ జారీచేసి, దేశంలో 13 జిల్లాల కలెక్టర్లకు పౌరసత్వం మంజూరు చేసే అధికారం ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ జిల్లాలు రెండు: దుర్గ్, బలౌదాబజార్. రాయ్‌పూర్ కలెక్టరుకైతే అంతకుముందే ఇచ్చారు. అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి వచ్చి చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్న హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవుల దరఖాస్తులు ఢిల్లీ దాకా పోకుండా జిల్లాలోనే తేలాలని ఈ ఏర్పాటు. పౌరసత్వ చట్టంలోని 16వ సెక్షన్ కింద మీరు ఆ పని చేశారు. వాళ్లకు మేలు జరిగినందుకు నాకు సంతోషమే. ఊరు విడిచి వచ్చినవాళ్ల బాధ రైల్వే కాలనీలో పెరిగినవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

నేను అడగబోయేది కూడా అదే 16వ సెక్షన్ గురించి. భారత పౌరురాలికో పౌరుడికో విదేశంలో పుట్టి, ఇప్పుడు ఆ తల్లి దగ్గరో తండ్రి దగ్గరో ఇక్కడే పెరుగుతున్న మైనరు పిల్లల దరఖాస్తులు తేల్చే అధికారం కూడా కలెక్టర్లకు ఇవ్వండి. ఈసారి 13 జిల్లాలకు కాదు, అన్నిటికీ.

నేనెవరో చెప్పాలి కదా. మా తాత పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పట్టాల పనికి వచ్చాడు. ఆ కంపెనీ మన ఉత్తరాంధ్ర నుంచి మనుషుల్ని గ్యాంగులకు గ్యాంగులే తెచ్చుకుంది. ఖరగ్‌పూర్‌లోనూ ఇక్కడా తెలుగు వాడలు అలా వెలిసినవే. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, బుధవారీ బజార్లో కూరగాయల బేరం ఛత్తీస్‌గఢీలో. మూడు తరాలైనా మాకు కాగితాల బెడద తప్పలేదు. మా వాడలో ఎస్సీ ధ్రువపత్రానికి వెళ్లినవాళ్లను 1950 నాటికే మీ పెద్దలు ఇక్కడ ఉన్నట్టు రుజువు తెమ్మంటారు. పట్టాలు మోసిన కూలీకి భూమి పట్టా ఎక్కడ నుంచి వస్తుంది? కాబట్టి ఒక కాగితం లేకపోతే మనిషి ఎంత పలచనైపోతాడో నాకు చిన్నప్పుడే తెలుసు. నా కొడుకు విషయంలో అది ఇంత దూరం వస్తుందని మాత్రం అనుకోలేదు.

నేను నర్సుని. మస్కట్‌లో పనిచేస్తున్నప్పుడు నాతోపాటు పనిచేసే మరో దేశపు వ్యక్తిని చట్టప్రకారం పెళ్లి చేసుకున్నాను. ఆయనది ఏ దేశమో ఇక్కడ అనవసరం. పాకిస్తానూ కాదు, బంగ్లాదేశూ కాదు, అంతవరకు చెప్పగలను. బాబు అక్కడే పుట్టాడు. గల్ఫ్‌లో పసిబిడ్డకు నివాస కార్డు రావాలంటే ముందు ఏదో ఒక దేశపు పాస్‌పోర్టు ఉండాలి, దానికి గడువు కూడా ఎక్కువ ఉండదు. స్పాన్సరు తండ్రి. కనుక తండ్రి దేశపు పాస్‌పోర్టు వచ్చింది. మా కాపురం నిలవలేదు. బాబుకు నడక రాకముందే వాణ్ని తీసుకుని మా అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాను. నేను నా పాస్‌పోర్టు మీద వచ్చాను, వాడు వీసా మీద.

1992 డిసెంబరు 10కి ముందైతే నాలాంటి దానికి నోరెత్తే హక్కు కూడా ఉండేది కాదు. విదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం తండ్రి నుంచే వచ్చేది. ఆ ఏడాది పార్లమెంటు చట్టం మార్చి తల్లినీ తండ్రితో సమానంగా నిలబెట్టింది. మలేషియా తల్లులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక అక్కడి పార్లమెంటు 2024లో గానీ ఆ సవరణకు ఒప్పుకోలేదు. ఈ విషయంలో మన దేశం ముందుందని గర్వంగానే చెప్పుకోవచ్చు. కానీ 2004 డిసెంబరు 3 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ రెండు షరతులు తెచ్చింది. విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి, ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి. రెండోది అంతకంటే గట్టిది: బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. 1992లో నా చేతికి వచ్చిన హక్కు ఈ రెండో షరతు దగ్గర జారిపోయింది. నాన్న దేశపు పాస్‌పోర్టు పుచ్చుకుంటే అమ్మ దేశం పోతుందని ఏ పసిగుడ్డుకు తెలుసు?

ఇక మిగిలింది 5వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్. భారత పౌరుల మైనరు పిల్లలకు ఆ దారి ఉంది. దరఖాస్తు కలెక్టరుకు పెట్టాలి. 2009 నిబంధనల ప్రకారం కలెక్టరు 60 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వానికి, రాష్ట్రం 30 రోజుల్లో మీ మంత్రిత్వ శాఖకు పంపాలి. ఆ తర్వాత అది మీ దగ్గర ఎన్నాళ్లుంటుందో చెప్పే గడువు నాకు కనిపించలేదు. నా ఫైలు ఏ బల్ల మీద ఆగిందో ఇక్కడ రాయను. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి చెడ్డవాడు కాడు. తండ్రి సంతకమేదని అడిగినప్పుడు ఆయన గొంతులో కూడా ఇబ్బంది వినిపించింది.

ఈలోగా ఇల్లు నడవాలి, పిల్లవాడు బడికి వెళ్లాలి, జ్వరాలూ వస్తాయి. 2025 సెప్టెంబరు 1న కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. 1946 నాటి విదేశీయుల చట్టం సహా నాలుగు పాత చట్టాలు దానితో రద్దయ్యాయి. కొత్త చట్టం ప్రకారం విద్యాసంస్థలు తమ దగ్గర చదివే విదేశీయుల వివరాలు రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. ఆస్పత్రులు కూడా, అక్కడ చేరి చికిత్స తీసుకునే విదేశీయుల వివరాలు పంపాలి. దసరా వెళ్లాక బాబుకు డెంగ్యూ వచ్చింది. నేను పనిచేసే ఆస్పత్రిలోనే చేర్చాను. రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి ఫారం నింపుతూ జాతీయత దగ్గర ఆగి, "దీదీ, ఇక్కడేం రాయను?" అంది. వీడు పాకే రోజుల నుంచీ ఆ పిల్లకు తెలుసు. పాస్‌పోర్టులో ఉన్న దేశం పేరు రాయమన్నాను. పక్కనున్న సహాయకురాలి వివరాలు కూడా ఆ కాగితంలోనే రాయాలి. అక్కడ నా పేరు, జాతీయత భారతీయ. ఒకే కాగితం మీద తల్లి ఒక దేశం, కొడుకు ఒక దేశం. పొద్దునకు ప్లేట్‌లెట్లు ఇరవై వేలకు పడిపోయాయి. నేను ఆ ఫారం సంగతి మరిచిపోయాను, ఆస్పత్రి మరిచిపోలేదు. మరిచిపోకూడదు కూడా, చట్టం కదా.

ఆ చట్టం అవసరం లేదని నేను అనడం లేదు. దేశంలోకి ఎవరు వచ్చారో, ఎక్కడున్నారో ప్రభుత్వానికి తెలియాలి. నా భయం వేరు. పౌరసత్వ చట్టం ప్రకారం సరైన పత్రాలతో వచ్చినా గడువు దాటి ఉండిపోతే 'అక్రమ వలసదారు' అవుతారు. 5వ సెక్షన్ మామూలు దారి అక్రమ వలసదారుకు మూసుకుపోతుంది. వీసా పొడిగించాలంటే పాస్‌పోర్టుకు గడువుండాలి. ఆ పాస్‌పోర్టు మళ్లీ చేయించేటప్పుడు తండ్రి సంతకం కావాలంటే నేను ఎక్కడని వెతకను? రెండో తరగతి చదివే పిల్లవాడు ఒక పొద్దున లేచేసరికి అక్రమ వలసదారు అయిపోగలడు. వాడు చేసిన తప్పల్లా నిద్రపోవడమే.

ఇలాంటి పిల్లలు నా ఇంట్లోనే ఉన్నారనుకోవద్దు. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ఒక అమ్మాయి ఉంది. తల్లిదండ్రులు అమెరికా పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారు, ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుదారులు. ఇక్కడే పుట్టి పెరిగినా ఆమెకు మన పాస్‌పోర్టు రాలేదు. ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి, 2024 మేలో తీర్పు వచ్చాక గానీ పౌరసత్వం అందలేదు. ఇక్కడే పుట్టినదాన్ని అక్రమంగా వచ్చానని ఎలా అంటారని ఆమె నిలదీయగలిగింది. నా కొడుకు నా ఒళ్లో కూర్చుని విమానంలో వచ్చాడు, వాడికి ఆ మాట కూడా చెల్లదు. కేరళలో ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ మరీ విచిత్రం. పాకిస్తాన్ పాస్‌పోర్టులు ఎప్పుడో అప్పగించేశారు. కానీ ఆ దేశపు చట్టం 21 ఏళ్లు నిండనివారి పౌరసత్వ పరిత్యాగాన్ని ఒప్పుకోదు. పరిత్యాగ పత్రం లేకపోయినా పౌరసత్వం ఇవ్వమని కేరళ హైకోర్టు సింగిల్ జడ్జి 2024లో అన్నారు, పత్రం ఉండాల్సిందేనని డివిజన్ బెంచి 2025 ఆగస్టులో ఆ తీర్పు కొట్టేసింది. మాకూ హైకోర్టు దూరమేమీ కాదు, బోద్రీలోనే ఉంది, ఆటోలో వెళ్లిరావచ్చు. అయితే పిల్లవాడి పుట్టుక సంగతి తేల్చడానికి ప్రతి తల్లీ రిట్ పిటిషన్ వేసుకోవాలా?

"ఓసీఐ కార్డు తీసుకోండి, గొడవ ఉండదు" అని చాలామంది మంచి మనసుతోనే చెబుతారు. పౌరుల మైనరు పిల్లలకు ఆ కార్డు ఇస్తారు, నిజమే. వీసా తిప్పలు చాలావరకు తప్పుతాయి. అవసరం పడితే నేనూ దానికే వెళతాను. కానీ ఓసీఐ కార్డు ఉన్నవాడు చట్టం ముందు విదేశీయుడే. ఓటు లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో సమానావకాశం హక్కు ఆ కార్డుదారుకు వర్తించదని చట్టంలో రాసే ఉంది. మా తాత పట్టాలు వేసిన రైల్వేలో, మా నాన్న ఇంజన్లు బాగుచేసిన షెడ్డులో నా కొడుకు రేపు పరీక్ష రాసి చేరాలనుకుంటే ఆ కార్డు పనికిరాదు. మా కాలనీలో ఏ పిల్లవాణ్ని అడిగినా పెద్దయ్యాక లోకో పైలట్ అవుతానంటాడు. మావాడూ అదే అంటాడు.

మీ చేతిలో ఇప్పటికే ఉన్నది ఇంకొకటుంది. 5వ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్. ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయని కేంద్ర ప్రభుత్వం నమ్మితే ఏ మైనరునైనా పౌరుడిగా నమోదు చేయవచ్చు. 'ఏ మైనరునైనా' అని అంత విశాలంగా రాసిన పెద్దలు పిల్లల గురించి ఆలోచించే రాసి ఉంటారు. ఒంటరి తల్లి లేక తండ్రి పౌరులై, బిడ్డ వాళ్ల సంరక్షణలో ఇక్కడే పెరుగుతుంటే అదే ప్రత్యేక పరిస్థితి అని ఒక ఉత్తర్వు ఇవ్వండి. దాని కింద నిర్ణయించే అధికారాన్ని 16వ సెక్షన్ ద్వారా కలెక్టరుకు పంపండి. దరఖాస్తు పెట్టిన రోజు నుంచి నిర్ణయం వచ్చేదాకా బిడ్డ వీసా గడువు ముగిసినట్టు లెక్కపెట్టకూడదని కూడా అందులో చేర్చండి. తిరస్కరిస్తే కారణం రాతలో ఇవ్వాలి.

దొంగ తల్లులు పుట్టుకొస్తారని మీ అధికారులు అనవచ్చు. రాకుండా చూసే పని కలెక్టరుకు మీకంటే తేలిక. జనన ధ్రువపత్రం చేతిలో ఉంటుంది. పోలీసు విచారణ ఎలాగూ ఉంటుంది. వీధిలో కానిస్టేబుల్ నాలుగు గడపలు తిరిగితే ఈ బిడ్డ ఎవరి బిడ్డో తెలిసిపోతుంది. అంతకీ అనుమానం తీరకపోతే డీఎన్‌ఏ పరీక్ష చేయించండి, రక్తం నేనే తీసిస్తాను. 2024 మార్చిలో పౌరసత్వ సవరణ నిబంధనలు వచ్చినప్పుడు జిల్లా కమిటీలకు పోస్టల్ సూపరింటెండెంట్లను పెద్దలుగా పెట్టారు. రాష్ట్ర స్థాయి సాధికార కమిటీకి డివిజనల్ రైల్వే మేనేజర్ ప్రతినిధిని కూడా పిలవమన్నారు. అది చదివి మా నాన్న చాలాసేపు నవ్వాడు. ముప్పై ఐదేళ్లు డీఆర్‌ఎం ఆఫీసుకు అర్జీలు పెట్టుకున్న మనిషి, పౌరసత్వం కూడా అక్కడికే వచ్చిందా అని. పోస్టాఫీసునూ రైల్వేనూ నమ్మిన మీరు ఈ పనికి కలెక్టరును నమ్మలేరా?

బాబు ప్రస్తుత వీసా గడువు వచ్చే వేసవి సెలవుల్లో ముగుస్తుంది. దానికంటే ముందు జవాబు వస్తుందని ఆశిస్తున్నాను. రాతలో వస్తే మంచిది, ఫైలులో పెట్టుకోవచ్చు.

భవదీయురాలు,
రైల్వే కాలనీ, బిలాస్‌పూర్‌లో ఉంటున్న ఒక నర్సు, ఒక తల్లి

ప్రతులు: విదేశీయుల విభాగం, కేంద్ర హోం మంత్రిత్వ శాఖ; హోం శాఖ, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం; జిల్లా కలెక్టర్, బిలాస్‌పూర్