సముద్రం దగ్గరికి పోవద్దంటే చాలదు

సెలవులు ఇచ్చే రోజు ప్రార్థన అయ్యాక మనకు ఏటా ఒకే మాట చెబుతారు. "సెలవుల్లో ఎవరూ నీళ్ళ దగ్గరికి పోకండి. సముద్రం, నది, చెరువు, ఏదీ వద్దు." అందరం "సరే టీచర్" అని గట్టిగా అరుస్తాం. వారం తిరిగేసరికి సగం తరగతి రామేశ్వరంలోనో, తిరుచెందూరులోనో, కన్యాకుమారిలోనో ఉంటుంది. ఈ సంగతి చెప్పినవాళ్ళకూ తెలుసు, విన్న మాకూ తెలుసు. ఒకసారి నాగర్‌కోయిల్ రైల్లో మా పక్క పెట్టెలో ఒక టీచరుగారే కనిపించారు. పేరు రాయను, నాకింకా పదో తరగతి ఉంది.

మన కోయంబత్తూరుకు సముద్రం లేదు, అందుకే మనకు అంత ఆశ. గాంధీపురంలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి అలల చప్పుడు వినొచ్చు. ఏడాదంతా మిల్లు, కొట్టు, ట్యూషన్ అని తిరిగే ఇంట్లో అందరూ కలిసి నవ్వేది ఆ రెండు రోజులే. దాన్ని వద్దనడానికి ఎవరికీ నోరు రాదు, వద్దన్నా ఎవరూ వినరు. ఎవరూ వినని మాట ఏటా చెప్పి మన పని అయిపోయిందనుకోవడం తప్పని నా వాదన. పెద్దలు కోప్పడకుండా చివరిదాకా చదవాలి.

2024 మే 6న కన్యాకుమారి జిల్లాలో గణపతిపురం దగ్గర లెమూర్ బీచిలో ఐదుగురు వైద్య విద్యార్థులు అలలకు కొట్టుకుపోయి చనిపోయారు. ఒక పెళ్ళికి వచ్చినవాళ్ళు. ఆ వార్త టీవీలో వస్తుంటే మా ఇంటికి వచ్చిన ఒక బంధువు "చదువుకున్నవాళ్ళకు ఆమాత్రం తెలివి లేదా, కొవ్వెక్కి పోయారు" అన్నాడు. నాకు చాలా బాధ వేసింది. ఆ రోజు సముద్రం ఎలా ఉంటుందో ఆయనకు మాత్రం తెలుసా? దాన్ని కేరళలో కళ్ళక్కడల్ అంటారు, అంటే దొంగ సముద్రం. ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణాన, వేల కిలోమీటర్ల దూరంలో గాలులు రేపిన ఉప్పెన అలలు రోజుల తరబడి ప్రయాణం చేసి మన తీరానికి వస్తాయి. ఇక్కడ గాలి ఉండదు, వాన ఉండదు, ఆకాశం నీలంగా ఉంటుంది. ఉన్నట్టుండి నీళ్ళు మీదికి వస్తాయి. ఎంత తెలివిగలవాడైనా కంటితో చూసి దాన్ని కనిపెట్టలేడు.

కనిపెట్టగలిగేవాళ్ళు ఉన్నారు, అదీ మన హైదరాబాదులో. అక్కడి ఇంకాయిస్ అనే జాతీయ సంస్థ సముద్రాన్ని లెక్కగట్టి హెచ్చరికలు ఇస్తుంది. ఆ మే నెలలో కూడా ముందే ఇచ్చింది. హెచ్చరిక పుట్టింది, కానీ ఒడ్డున నిలబడ్డ మనిషి చెవికి అది ఏ దారిన చేరాలి? నాకు కోపం ఇక్కడే.

పోయిన వేసవిలో మేం ఒక సముద్రపు ఊరికి వెళ్ళాం. ఊరి పేరు ఎందుకులెండి. ఒడ్డున ఒక ఇనుప బోర్డు, తుప్పు పట్టి సగం రంగు రాలిపోయింది. తమిళంలో, ఇంగ్లీషులో "ప్రమాదం, స్నానం చేయరాదు" అని ఉంది. దాని కిందనే పదిమంది ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగడానికి సిద్ధంగా ఉన్నారు. మేం తెలుగు మాట్లాడుకోవడం విని ఒకామె నన్ను "ఇక్కడ దిగొచ్చా పాపా?" అని అడిగింది. మాటను బట్టి కోస్తావాళ్ళు. బోర్డు చదివి చెప్పాను. "అయ్యో, అది ఏదో దుకాణం బోర్డు అనుకున్నామమ్మా" అన్నారు. తర్వాత "మీ తెలుగు ఇలా ఉందేంటి" అని నవ్వారు కూడా, అది మనకు అలవాటే.

అదే వీధిలో హోటలు బోర్డు మీద "ఆంధ్రా భోజనం" అని తెలుగులో పెద్ద అక్షరాలు. అయ్యప్ప మాలవాళ్ళు శబరిమల నుంచి తిరిగొస్తూ ఈ ఊళ్ళన్నీ చూసిపోతారు, వాళ్ళ డబ్బు కోసం అన్నం తెలుగులో రాశారు. ప్రాణం పోయే సంగతి మాత్రం తెలుగులో రాయలేదు. మనం మైనారిటీ భాష హక్కు అంటే పాఠ్యపుస్తకం, పరీక్ష పేపరు అనే అనుకుంటాం. నన్నడిగితే ఆ బోర్డు కూడా మన హక్కే.

ఆ సాయంత్రమే మా చిన్నాయన కొడుకు మోకాళ్ళ లోతులో ఆడుతూ ఉన్నట్టుండి నడుము లోతుకు పోయాడు. కాళ్ళ కింద ఇసుక జారిపోతోందని అరుస్తున్నాడు. మా ఇంట్లో ఎవరికీ ఈత రాదు. మా నాయన చొక్కా విప్పి దూకబోయాడు. వల సర్దుకుంటున్న ఒక ముసలాయన ఆయన్ని చెయ్యి పట్టి ఆపి, ఖాళీ నీళ్ళ క్యానుకు తాడు కట్టి విసిరాడు. "పట్టుకుని తేలు, ఒడ్డుకు కొట్టుకోవద్దు" అని కేకలు వేశాడు. వాడు క్యాను పట్టుకుని పక్కకు తేలిపోయాక లాగేశారు.

ఆయన తర్వాత మాకు చూపించిన విషయం నేను మరిచిపోను. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక చోట నీళ్ళు నున్నగా, మంచిగా కనిపిస్తాయి. మనం పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడే దింపుతాం. ఒడ్డుకు వచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. అందులో చిక్కితే ఎదురీదకూడదు. తేలాలి, చెయ్యి ఎత్తాలి, ఒడ్డు వెంబడి పక్కకు రావాలి. తొమ్మిదేళ్ళు భూగోళం చదివాను, ఈ మాట ఏ పాఠంలోనూ లేదు.

పాఠం ప్రాణం కాపాడదు అనేవాళ్ళకు ఒకటి చెబుతాను. 2004 డిసెంబరు 26 సునామీ రోజున థాయ్‌లాండులో టిల్లీ స్మిత్ అనే పదేళ్ళ ఇంగ్లండు అమ్మాయి, నీళ్ళు నురగలు కక్కుతూ వెనక్కి పోవడం చూసి, రెండు వారాల ముందు బడిలో విన్న భూగోళం పాఠం గుర్తు తెచ్చుకుంది. అమ్మానాన్నలకు చెప్పి బీచి ఖాళీ చేయించింది. మన పక్కనున్న బంగ్లాదేశ్‌లో ఊరి చెరువుల్లోనే వెదురు కట్టి చిన్నపిల్లలకు ఈత నేర్పుతున్నారు. వాళ్ళు మనకన్నా ధనవంతులేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీళ్ళలో మునిగి సుమారు 3 లక్షల మంది పోయారు. వాళ్ళలో దాదాపు సగం మంది 30 ఏళ్ళలోపువాళ్ళే.

"అందుకే పోవద్దంటున్నాం" అనవచ్చు. సముద్రానికి పోకపోతే మేట్టుపాళయం భవాని లేదా? ఆళియారు లేదా? నీళ్ళన్నిటికీ తాళం వెయ్యలేం. మా తాత చిన్నప్పుడు తోటలో మోటబావిలో నడుముకు ఎండు సొరబుర్ర కట్టుకుని నేర్చుకున్నాడు. మా అవ్వకు మాత్రం ఎవరూ కట్టలేదు, ఆడపిల్లకు ఈత దేనికని. ఇప్పుడు మమ్మల్నీ అదే అడుగుతున్నారు. చున్నీతో, చీరతో అలల్లో నిలబెడతారు, తడిస్తే ఆ బట్టే కాళ్ళకు చుట్టుకుని కిందికి లాగుతుంది. ఈత దుస్తులు వేసుకుంటే పరువు పోతుందట.

అందుకని అడుగుతున్నాను. ఏప్రిల్‌లో ఆ ఒక్క మాట బదులు ఒక్క పీరియడ్ ఇవ్వండి. అలల్ని ఎలా చూడాలో, ఎర్రజెండా ఉంటే ఏమిటో, మునిగేవాడికి మనం దూకకుండా ఏం విసరాలో చెప్పండి. ఈత నేర్పించేటప్పుడు అబ్బాయిల పేర్లతో పాటు మా పేర్లూ రాసుకోండి. తెలుగు సంఘాల పెద్దలు ఉగాదికి సన్మానాల ఖర్చులో కాస్త తీసి, అధికారుల్ని అడిగి, నాలుగు తెలుగు బోర్డులు పెట్టించండి. అక్షరాలు మేమే రాస్తాం, తప్పుల్లేకుండా.

ఈ వేసవికి చిన్నాయన మళ్ళీ టిక్కెట్లు తీశాడు. అవ్వ కూడా వస్తానంటోంది, పాదాలు తడుపుకుంటుందట. దిగేముందు పావుగంట ఒడ్డున కూర్చుని అలల్ని చూడాలి అవ్వా అన్నాను. "చూద్దాంలే, అంతసేపూ వేరుశెనక్కాయలు కొనిస్తావా?" అంది.