హెబ్రూ వచ్చింది, కోయ ఏదీ?

బి.డి. ముగించి బైబిలు మీద ఎం.టిహెచ్. చదవాలనుకునే మన యువతకు, గోదావరి దిగువన ఆలమూరులో బడిపాఠాలు చెప్పే నేను ఒక ప్రశ్న వేస్తున్నాను. పాత నిబంధనకు హెబ్రూ, కొత్త నిబంధనకు గ్రీకు నేర్చుకోవాలి. మూలభాష రాకుంటే గ్రంథం అందదంటారు. నిజమే. మరి గూడెంలో మన అవ్వకు ఆ గ్రంథం ఏ భాషలో అందాలి?

ఇదే గోదావరికి ఎగువన దుమ్ముగూడెంలో ఇంజినీరుగా పనిచేసిన హేగ్ దొర కోయల మధ్య మిషన్‌కు పునాది వేశాడు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయ భాష, ఆచారాల గురించి రాశాడు. ఆ మిషన్ చేతుల మీదుగా లూకా సువార్త కోయలోకి వచ్చింది. పరాయివాళ్లు కష్టపడి నేర్చిన భాషను, పట్టా చేతికి రాగానే మనం దాచుకోవడమేమిటి?

"కోయలో దైవశాస్త్రానికి మాటలెక్కడివి?" అని అడుగుతారు. తెలుగుకు మాత్రం పుట్టుకతో వచ్చాయా? 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ మొదలు ఎందరో తంటాలు పడి కూర్చారు. కోయైనా, కువియైనా, సవరైనా ఆ పని మనమే చేయాలి.

శ్రీరాంపూర్ పట్టా తెచ్చుకోండి, సంతోషం. కానీ సిద్ధాంత వ్యాసంలో ఒక్క అధ్యాయమైనా అవ్వ మాటలో ఆలోచించి రాయండి. గూడెంలో విప్పి చెప్పలేని చదువు గోడకు వేలాడే పటమే.