బిగించిన కట్టు, చాటుగా పొడుచుకునే సూది

ఛాతీ చదునుగా కనిపించాలని క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టుకుంటున్న ట్రాన్స్‌మెన్‌కూ, ఫోన్లో మోతాదు చూసుకుని టెస్టోస్టిరాన్ సూది సొంతంగా పొడుచుకుంటున్న వారికీ ఈ హెచ్చరిక. ఈ రెండూ ఇవాళే మానండి. ఇంట్లో అలాంటి బిడ్డ ఉన్న తల్లిదండ్రులూ, ఓపీలో కూర్చునే డాక్టర్లూ కూడా ఇది చదవాలి. ఆ పిల్లల్ని చాటుకు నెట్టింది మనమే.

పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా, తాను మగవాడినని తెలుసుకుని అలా బతకాలనుకునేవారు ట్రాన్స్‌మెన్. మన దగ్గర ట్రాన్స్‌జెండర్ అనగానే హిజ్రాలే గుర్తొస్తారు. 2011 జనాభా లెక్కల్లో ‘ఇతరులు’ కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మందిని రాశారు. అందులో ట్రాన్స్‌మెన్ ఎందరో ఆ పట్టిక చెప్పదు. ఇల్లు వదిలిన హిజ్రాకు గురువు గడప ఒకటైనా ఉంటుంది. వీళ్లకు అదీ లేదు. ఆడపిల్లకు పెట్టే కాపలా మధ్యే ఉంటూ, తలుపేసుకుని చేతనైనది చేసుకుంటారు.

లేడీస్ హాస్టల్లో రూమ్మేట్ లేవకముందే బాత్రూంలో కట్టు కట్టుకుని, లైట్లు ఆర్పాకే విప్పే పిల్లవాడి సంగతి ఆలోచించండి. అంటే పదహారు గంటలు. విజయవాడ మే నెల ఎండలో కట్టు మీద బనియను, దాని మీద వదులు చొక్కా. మెట్లెక్కితే ఆయాసం. కాలేజీలో ఏ బాత్రూంలోకి వెళ్లాలో తేలక నీళ్లు తాగడమే తగ్గించేస్తాడు, దాంతో మూత్రంలో ఇన్ఫెక్షన్. క్రేప్ బ్యాండేజీ బెణికిన కాలికి చుట్టేది. ఊపిరి తీసినప్పుడల్లా విప్పారాల్సిన ఛాతీకి పనికిరాదు. ప్యాకింగ్ టేపు ఇంకా ప్రమాదం, చర్మం ఊడొస్తుంది. ఛాతీ బిగించుకునే సుమారు 1,800 మందిని ప్రశ్నించి 2016లో వెలువరించిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో నూటికి 97 మంది ఏదో ఒక బాధ ఉందన్నారు: వెన్నునొప్పి, ఆయాసం, పక్కటెముకల నొప్పి, చర్మం కమిలిపోవడం. కట్టక తప్పదనుకుంటే ఛాతీ కోసమే కుట్టిన, కొలతకు సరిపడే బైండరే వాడండి. రోజుకు ఎనిమిది గంటలు మించవద్దు. నిద్రలో, వ్యాయామంలో వద్దు. వారంలో కొన్ని రోజులైనా ఒంటికి విరామం ఇవ్వండి. నొప్పి మొదలైతే ఆ క్షణమే విప్పేయండి.

సూది సంగతి ఇంకా తీవ్రం. డాక్టరు పర్యవేక్షణలో టెస్టోస్టిరాన్ ఎందరికో మేలు చేసిన మందు. జిమ్‌లో ఎవరో ఇచ్చిన సీసాలో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. మోతాదు పెంచితే గడ్డం త్వరగా వస్తుందని కొందరి నమ్మకం. నిజానికి ఎక్కువైన టెస్టోస్టిరాన్‌లో కొంత ఒంట్లోనే ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. ఎర్ర రక్తకణాలు పెరిగి రక్తం చిక్కబడుతుంది, గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. అందుకే మొదటి ఏడాది మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించాలి. సిరంజి పంచుకుంటే హెచ్ఐవీ, హెపటైటిస్ రావచ్చు. ఇంకొక్క మాట: నెలసరి ఆగిందంటే గర్భం రాదని కాదు. గర్భాశయం ఉన్నంతకాలం దానికి చేయాల్సిన పరీక్షలు కూడా తప్పవు.

వీళ్లు ఆసుపత్రికి ఎందుకు వెళ్లరో అందరికీ తెలుసు. గడ్డమొచ్చిన మనిషి గైనకాలజీ క్యూలో నిలబడితే చీటీ రాసేవారి నుంచి ఆయా దాకా తలో ప్రశ్న వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్, అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025 ఆరంభంలో మూతపడింది. తర్వాత సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు. దాత చెయ్యి వెనక్కి తీస్తే ఆగిపోయే వైద్యం మీద ఇంతమంది ప్రాణాలు ఆధారపడకూడదు. ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీలో వారానికి ఒక్క పూటైనా ట్రాన్స్‌జెండర్ల ఓపీ నడపాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇది వెంటనే చేయాలి.

తల్లిదండ్రులకు: పెళ్లి చేస్తే సర్దుకుంటుందనే ఆలోచన మానుకోండి. సర్దుకోదు, ఇద్దరి బతుకులు పాడవుతాయి. భూతవైద్యుల దగ్గరికి తిప్పవద్దు. ‘మార్చేస్తాం’ అనే డాక్టర్ల దగ్గరికి అసలే వద్దు. అలాంటి చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు తెలియజేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ట్రాన్స్‌జెండర్‌గా ఉండటాన్ని మానసిక వ్యాధుల జాబితాలోంచి తీసేసింది. మీ బిడ్డకు జబ్బు లేదు. చాటుగా వాడుతున్న మందుతో జబ్బు రావచ్చు. ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.

తమ్ముళ్లారా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టినా తెల్లారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి. ఏ మందు, ఎంత, ఎప్పటినుంచి వాడుతున్నారో డ్యూటీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. బతకాలనిపించని రాత్రి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడతారు.