మందు మొక్కల బేరం: ముందు పరీక్ష, తర్వాతనే పంట

పెద్దేముల్ వైపు నుంచి తాండూరు మార్కెట్టుకు వచ్చే సరుకులో పెద్దపీట కందులదే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన తర్వాత ఊరి పేరు చెప్పి సరుకు అమ్ముకునే అవకాశం మరింత బలపడినది. ఇటువంటి నికరమైన పంటను తగ్గించి కలబంద, పసుపు వంటి ఔషధ పంటలు వేయాలన్న సలహా రైతులకు తరచు వినవస్తున్నది. కాలిన గాయాలను మాన్పే గుణం వీటికి ఉన్నదని, కనుక గిరాకీకి కొదవ ఉండదని ఆ సలహాదార్ల వాదన. గుణం మాట చాలావరకు నిజమే. గిరాకీ మాటను మాత్రం వర్తకులు నిదానించి చూడవలసి ఉన్నది.

ముందుగా కలబంద సంగతి. ఎక్స్‌రే వలన కమిలిన చర్మంపై కలబంద పని చేసినట్లు 1935లోనే అమెరికా వైద్యులు ప్రకటించారు. 2007లో వెలువడిన ఒక సమీక్షలో 371 మంది రోగులపై జరిగిన 4 పరిశోధనలను కలిపి చూడగా, మరీ లోతుకు పోని కాలిన గాయాలు కలబందతో సుమారు 9 రోజులు ముందుగా మానినట్లు తేలినది. అయినా గట్టి తీర్పు చెప్పడానికి ఆ సమీక్షకులే వెనుకాడారు. పరిశోధనలలో వాడిన కలబంద సరుకు ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరుగా ఉండటం అందుకు ఒక కారణం. వైద్యునికి వచ్చిన ఈ చిక్కే రేపు కొనుగోలుదారుకూ వస్తుంది.

సరుకు స్వభావం కూడా వర్తకునికి అనుకూలంగా లేదు. ఆకు లోపలి గుజ్జులో 98 శాతం దాకా నీరే. కోసిన ఆకు గంటలు గడిచేకొద్దీ చెడిపోతుంది. తొక్క కింది పసుపుపచ్చని రసం విరేచనకారి గనుక అది కలిసిన గుజ్జు దెబ్బతిన్నట్లే. దగ్గరలో గుజ్జు తీసే కర్మాగారం లేనిచోట కలబంద వేయడమంటే లారీ బాడుగ కట్టి నీళ్లు మోయించడమే. కందులవలె గోదాములో వేసి మంచి ధరకు ఆగే వీలు దీనికి లేదు. పిలకలు అమ్మేటప్పుడు పంటంతా తిరిగి కొంటామని చెప్పి, కోత నాటికి కనిపించకుండా పోయిన సంస్థల ఉదంతాలు కలబంద, సఫేద్ ముస్లీల విషయంలో దేశంలో ఉన్నవి.

పసుపు లెక్క వేరు. వికారాబాద్ జిల్లాకు ఈ పంట కొత్త కాదు. ఉడికించి ఎండబెట్టిన సరుకు నిల్వకు ఆగుతుంది. పసుపుతో గాయాలు మాన్పడంపై 1995 మార్చిలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం అమెరికాలో పేటెంటు పొందగా, ఆర్.ఎ. మషేల్కర్ నాయకత్వంలోని మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసి 1997లో రద్దు చేయించినది. హక్కు అలా నిలిచినది గాని యార్డులో బేరం తీరు మారలేదు. కాడియా, గోళయా, మెరుగు ఎంత, తేమ ఎంత, రంగు ఎట్లున్నది అన్నవే నేటికీ ప్రశ్నలు. గాయంపై పని చేస్తుందని శాస్త్రజ్ఞులు ప్రధానంగా పరిశోధిస్తున్న పదార్థం కర్‌క్యుమిన్. అది రకాన్ని బట్టి, నేలను బట్టి సుమారు 2 నుంచి 5 శాతం వరకు మారుతుంది. 2 శాతం సరుకు, 5 శాతం సరుకు ఒకే కుప్పలో పడితే మంచి సరుకు తెచ్చిన రైతుకే నష్టం.

మందుల కంపెనీలు ఎట్లా కొంటాయో ఒక ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. బర్చ్ చెట్టు బెరడు నుంచి తీసిన ఒక జెల్‌కు 2016లో యూరపులో చర్మ గాయాలకు అనుమతి లభించినది. కాలిన గాయాలపై కూడా దానిని పరీక్షించారు. గ్రాము జెల్‌లో బెట్యులిన్ 72 నుంచి 88 మిల్లీగ్రాములు ఉండాలన్నది దాని నిబంధన. అటువంటి ఖరీదుదారు ముందు బెరడు ఎంత బాగున్నదని చెప్పినా లాభం లేదు, అంకె చూపించాలి.

తాండూరులో ఆ అంకె చూపించడం అసాధ్యమేమీ కాదు. పసుపు పొడిని ఆల్కహాలులో కరిగించి, 425 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకున్నదో స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిస్తే శాతం తెలుస్తుంది. కళాశాలల రసాయన శాలలలో సైతం ఉండే యంత్రమిది. ఖర్చు ఎవరు భరించాలన్నది సహజమైన ప్రశ్న. అడ్తిదారులు, ఖరీదుదార్లు, మార్కెట్ కమిటీ కలిసి పంచుకుంటే ఎవరికీ మోయలేని భారం కాదు. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది. పరీక్ష సదుపాయం కోసం దానిని అడిగే బాధ్యత ఇక్కడి వర్తక సంఘాలదే. రంగు కోసం లెడ్ క్రోమేటు కలిపే దుర్మార్గం కూడా ఈ పరీక్షల గది ఉంటే బయటపడుతుంది. సీసం కలిసిన ఒక్క బస్తా దొరికినా ఊరి సరుకంతా తిరస్కరణకు గురవుతుంది.

గిరాకీ పెంచుకునేందుకు వర్తకులు హద్దు దాటరాదు. యార్డు పసుపు మందు కాదు. ఒళ్లు కాలితే వెంటనే 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచి, వైద్యుని వద్దకు తీసుకుపోవలసినదే. పసుపు గాని, కలబంద గాని గాయానికి అద్దమని బస్తాలపై అచ్చు వేయించడం ప్రాణాలతో చెలగాటం.

పెద్దేముల్ రైతు కందిని వదులుకోవలసిన అవసరం ప్రస్తుతం కనిపించదు. పసుపు వేసేవారి సరుకును విడిగా తూచి, విడిగా పరీక్షించి, శాతం రాసిన చీటీతో వేలానికి పెట్టే ఏర్పాటు ముందు జరగాలి. ఒక్క సీజను అలా నడిపి చూస్తే మందుల గిరాకీ నిజమో కాదో ధరే చెబుతుంది. ఎకరాలు పెంచే మాట ఆ తర్వాత ఆలోచించవచ్చును.