పార్లమెంటులో సర్వదర్శనం కావాలి

ఢిల్లీ చూడబోయిన తెలుగు కుటుంబాల ఫొటోలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎర్రకోట ముందు ఒకటి, కుతుబ్ మినార్ దగ్గర ఒకటి, ఇండియా గేట్ దగ్గర ఐస్‌క్రీములు పట్టుకున్న పిల్లలతో ఒకటి. ఆ తర్వాత విజయ్ చౌక్ దగ్గర ఆటో నెమ్మదిస్తుంది. ‘‘అదిగో, ఆ గుండ్రటిది పాత పార్లమెంటు, పక్కది కొత్తది’’ అని డ్రైవరు చెయ్యి చూపిస్తాడు. లోపలికి వెళ్దామా అని పిల్లలు అడిగితే తండ్రి దగ్గర ఉండేది ఒకటే జవాబు: ‘‘దానికి ఎంపీ లెటర్ కావాలమ్మా.’’ ఆటో ముందుకు కదులుతుంది.

ఆ తండ్రి చెప్పింది నిజమే. సభ జరుగుతుండగా గ్యాలరీలో కూర్చుని చూడాలంటే సామాన్య పౌరుడు తనంతట తాను దరఖాస్తు పెట్టుకోలేడు. ఎంపీ ద్వారానే రావాలి. ‘ఈ వ్యక్తి నాకు బంధువు, లేదా మిత్రుడు, లేదా స్వయంగా తెలిసినవాడు, ఇతని పూర్తి బాధ్యత నాది’ అనే అర్థం వచ్చే మాటల కింద ఆ ఎంపీ సంతకం చేయాలి. మన రాష్ట్రాల్లో ఒక్కో లోక్‌సభ నియోజకవర్గానికి సగటున 15 లక్షలకు పైగా ఓటర్లున్నారు. వారిలో ఎంతమంది ఎంపీకి స్వయంగా తెలిసి ఉంటారు? వచ్చినవారందరికీ సంతకం పెడితే తెలియని మనిషిని తెలుసని రాసిచ్చినట్టు. పెట్టకపోతే ఓటు వేసిన మనిషిని గుమ్మం నుంచే వెనక్కి పంపినట్టు. నడుమ లాభపడేది పీఏ ఫోన్ నంబరు దగ్గరున్నవారు, పార్టీ ఆఫీసుకు రోజూ వెళ్లొచ్చేవారు.

ఈ లెటర్ నిబంధనను రద్దు చేయాలి. ఓటరు కార్డో ఆధారో చేతిలో ఉన్న ఏ పౌరుడైనా, ఎవరి సిఫారసూ లేకుండా, తన పార్లమెంటును చూడగలగాలి. ఈ పత్రిక కోరుతున్నది ఇదే.

సిఫారసు లేఖ అంటే ఏమిటో తెలుగువారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తిరుమల బ్రేక్ దర్శనం కోసం ఎమ్మెల్యేల, ఎంపీల ఇళ్ల ముందు లెటర్లకు నిలబడటం మన కళ్లముందు రోజూ జరిగేదే. ఆ పద్ధతి మీద ఈ పత్రికకు అభ్యంతరాలున్నాయి, అది వేరే చర్చ. కానీ తిరుమలలో కూడా ఏ లెటరూ లేని భక్తుడికి ఒక దారి ఉంది. ఆధార్ చూపించి తిరుపతిలో టోకెన్ తీసుకోవచ్చు. టోకెన్ దొరక్కపోతే వైకుంఠం కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చోవచ్చు. ఆలస్యమైనా స్వామి దర్శనం అవుతుంది. దానికి మనం పెట్టుకున్న పేరు సర్వదర్శనం. మామూలు రోజుల్లోనే 60 వేలకు పైగా జనం వచ్చే కొండ మీద ఆ ఏర్పాటు నడుస్తోంది. పార్లమెంటు గ్యాలరీకి ఉన్నది బ్రేక్ దర్శనం ఒక్కటే.

లోక్‌సభ నియమావళిలో ఒక మాట ఉంది. 386వ నిబంధన గ్యాలరీల్లోకి బయటివారి ప్రవేశం గురించి చెబుతుంది. అలా వచ్చేవారిని అది ‘స్ట్రేంజర్స్’ అంటుంది, అంటే పరాయివారు. ఈ మాట మనకు బ్రిటిష్ పార్లమెంటు నుంచి వచ్చింది. సామాన్యుడు సభలో ఉండటమే తప్పుగా చూసిన రోజుల నాటి మాట అది. ఆ మాట పుట్టిన హౌస్ ఆఫ్ కామన్స్ 2004లో దాన్ని వదిలేసింది. అక్కడి స్ట్రేంజర్స్ గ్యాలరీ ఇప్పుడు పబ్లిక్ గ్యాలరీ. రాజ్యాంగాన్ని ‘భారత ప్రజలమైన మేము’ అంటూ మొదలుపెట్టిన దేశంలో ఆ ప్రజలు నియమావళి పుటల్లో ఇంకా పరాయివారుగానే ఉన్నారు. ఇది చిన్న విషయమని మేము అనుకోవడం లేదు. లెటర్ అడగటం వెనక ఉన్న చూపు, ఈ మాట వెనక ఉన్న చూపు ఒకటే.

మొదట్లో ఈ చూపు వేరుగా ఉండేది. రాజ్యాంగ రచన ముగిసిన 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ అధ్యక్షుడు బాబూ రాజేంద్ర ప్రసాద్ చేసిన ముగింపు ప్రసంగంలో ఒక లెక్క ఉంది. రాజ్యాంగం మీద చర్చ సాగిన కాలంలో 53 వేల మంది సందర్శకుల గ్యాలరీకి వచ్చి చూశారని ఆయన సభకు చెప్పారు. ఆ సంఖ్య చెప్పాలని ఆయనకు ఎందుకు అనిపించిందో ఆలోచించండి. దేశ విభజన గాయాలు పచ్చిగా ఉన్నాయి. కాందిశీకుల శిబిరాలు నిండి ఉన్నాయి. గాంధీజీని బలిగొన్న తుపాకీ మోత ఢిల్లీ ఇంకా మరిచిపోలేదు. ఈనాటి స్కానర్లు లేవు, కెమెరాలు లేవు. ఆ పరిస్థితుల్లో కూడా జనం వచ్చి తమ రాజ్యాంగం తయారవుతుంటే చూశారని, అది సభకు గౌరవమని ఆయన భావించారు.

వారు కూర్చున్న చోటు మన దేశంలోని మరే కట్టడంతోనూ పోల్చలేనిది. 1921లో పునాది వేసి, 1927 జనవరి 18న వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించిన ఆ గుండ్రటి భవనం లుట్యెన్స్, బేకర్ల రూపకల్పన. వ్యాసం 560 అడుగులు, చుట్టూ 144 స్తంభాలు. వలస ప్రభువులు తమ ఏలుబడి కలకాలం సాగుతుందనుకుని కట్టించుకున్న ఆ భవనం వారి చేతుల్లో ఉన్నది ఇరవై ఏళ్లే. 1929 ఏప్రిల్ 8న భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ బాంబులు విసిరింది అక్కడి సందర్శకుల గ్యాలరీ నుంచే. మధ్యనున్న సెంట్రల్ హాలు మొదట లైబ్రరీ. 1946లో రాజ్యాంగ సభ కోసం దాన్ని సమావేశ మందిరంగా మార్చారు. ఆ ఏడాది డిసెంబరు 9న తొలి సమావేశం అక్కడే జరిగింది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి అధికారం చేతులు మారింది అక్కడే. 1950 జనవరి 24న సభ్యులు ఒక్కొక్కరే వచ్చి రాజ్యాంగ ప్రతుల మీద సంతకాలు చేసిందీ అక్కడే. 1958 దాకా సుప్రీంకోర్టు కూడా ఆ ప్రాంగణంలోనే నడిచిందన్న సంగతి చాలామందికి తెలియదు. రాజులు సమావేశం కావడానికి కట్టిన మందిరంలో న్యాయమూర్తులు కూర్చున్నారు.

ఆ సెంట్రల్ హాల్లో మనవాళ్లూ కూర్చున్నారు. ముసాయిదా కమిటీలో నెల్లూరు జిల్లా బిడ్డ అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. రైతుల తరఫున ఆచార్య రంగా. కాంగ్రెస్ చరిత్ర రాసిన పట్టాభి సీతారామయ్య. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. ఆమె పేరు దగ్గర కొంచెం ఆగాలి. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడిన ఆ చిన్నపిల్ల, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే లోపలికి వెళ్లనివ్వలేదు. నిర్వాహకులు టికెట్ కొని ఇచ్చాకే పంపింది. ఎవరో పెద్దమనిషి అని దారి వదలలేదు, ఎవరి మాట సాయమూ అడగలేదు. అందరికీ ఒకే టికెట్, ఒకే రూలు. ఆ పిల్లే పెద్దయి మద్రాసు రాష్ట్రం తరఫున రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆమె కూర్చున్న హాలును ఒక తెలుగు ఆడపిల్ల చూడాలంటే ఎంపీ ఆఫీసు చుట్టూ తిరగాల్సిన అవసరం ఏముంది?

2023 సెప్టెంబరులో సభలు కొత్త భవనానికి మారాయి. పాత భవనానికి ‘సంవిధాన్ సదన్’ అని పేరు పెట్టారు. పేరు బాగుంది. ఆ పేరుకు తగ్గట్టు అది పౌరులందరి ఇల్లు కావాలి. సభలు అక్కడ నుంచి వెళ్లిపోయాయి కాబట్టి చర్చలకు అడ్డమన్న సాకు కూడా మిగల్లేదు. విద్యార్థి బృందాలను తీసుకెళ్లి చూపించే ఏర్పాటు ఉండటం మంచిదే. కానీ బృందంగా, ముందే ఉత్తరాలు నడిపి రాగలిగే బడులు ఎన్ని? ఆదిలాబాద్ నుంచో పాడేరు నుంచో జనరల్ బోగీలో వచ్చిన కుటుంబం ఉదయం లైన్లో నిలబడి మధ్యాహ్నానికి సెంట్రల్ హాల్లో ఉండగలగాలి. గోడల మీద రాతలు, హెడ్‌ఫోన్లలో వివరణ తెలుగు సహా అన్ని భాషల్లోనూ ఉండాలి. వాటిలో చాలావరకు ఆ హాల్లోనే చర్చించి రాజ్యాంగంలో చేర్చిన భాషలు.

భద్రత మాటేమిటని అడిగేవారికి జవాబు చెప్పాల్సిందే. 2001 డిసెంబరు 13న ఉగ్రవాదులను ఆపబోయి భద్రతా సిబ్బంది ప్రాణాలిచ్చారు. ఒక తోటమాలితో సహా తొమ్మిది మంది చనిపోయారు. ఆ ప్రాణాలను తేలిగ్గా తీసుకునే మాట ఇక్కడ ఒక్కటీ లేదు. కానీ ఆ ఉగ్రవాదులు గ్యాలరీ పాసులతో రాలేదు, హోం శాఖ స్టిక్కరు అంటించిన కారులో వచ్చారు. సరిగ్గా 22 ఏళ్ల తర్వాత, 2023లో అదే తేదీన, ఇద్దరు కొత్త లోక్‌సభ గ్యాలరీ నుంచి సభలోకి దూకి పసుపు పొగ వదిలారు. పొగ డబ్బాలు బూట్లలో దాచి తెచ్చారు. వాళ్ల దగ్గర ఎంపీ సిఫారసు మీద వచ్చిన పాసులే ఉన్నాయి. లెటర్ వాళ్లను ఆపలేదు, ఆపజాలదు కూడా. సంతకం పెట్టే ఎంపీకి వచ్చినవాడి బూటులో ఏముందో ఎలా తెలుస్తుంది? తనకు తెలియని మనిషి చేసిన పనికి ఆయన జవాబు చెప్పుకోవాల్సి రావడం ఎంపీకీ న్యాయం కాదు. ఇంకో సంగతి. 2014 ఫిబ్రవరి 13న, రాష్ట్ర విభజన బిల్లు రోజున, లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టింది సభ్యుడే. అది తెలుగువారు మరిచిపోగలిగిన రోజు కాదు.

ప్రమాదాన్ని పట్టుకునేవి గుర్తింపు కార్డు పరిశీలన, స్కానర్, తనిఖీ. 2024 మే నుంచి పార్లమెంటు కాపలా సీఐఎస్ఎఫ్ చేతుల్లో ఉంది. శంషాబాద్ విమానాశ్రయం గుమ్మంలో నిలబడేదీ ఆ దళమే. విమానం ఎక్కేవాడిని అది టికెట్, గుర్తింపు కార్డు అడుగుతుంది, అవసరమైతే బూట్లు విప్పమంటుంది, ఎంపీ లెటర్ మాత్రం అడగదు. అంతమంది ప్రాణాలున్న విమానానికి సరిపోయే పద్ధతి గ్యాలరీకి సరిపోదా?

బయటి దేశాలకూ ఈ భయాలున్నాయి. బెర్లిన్‌లో 1933లో తగలబడిన జర్మన్ పార్లమెంటు భవనం రైష్‌టాగ్ మీద 1999లో వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ గాజు గుమ్మటం కట్టారు. జనం దాంట్లో పైకి నడుస్తూ కింద తమ ప్రతినిధుల సభను చూస్తారు. 2010 చివర్లో ఉగ్రదాడి హెచ్చరికలు రావడంతో కొన్నాళ్లు మూసేసి, ముందుగా పేరు నమోదు చేసుకునే పద్ధతితో మళ్లీ తెరిచారు. పేరు, పుట్టిన తేదీ ఇస్తే చాలు. ప్రవేశం ఉచితం, మన తెలుగు పర్యాటకులూ వెళ్లి చూసొస్తున్నారు. లండన్‌లో 2017లో పార్లమెంటు గేటు దగ్గరే ఒక పోలీసు హత్యకు గురయ్యాడు. అయినా అక్కడ మామూలు చర్చలు చూడటానికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. అమెరికాలో గ్యాలరీ పాసు ప్రతినిధి ఆఫీసు నుంచే తీసుకోవాలన్న మాట నిజం. కానీ క్యాపిటల్ భవనాన్ని ఉచితంగా తిప్పి చూపించడానికి 2008 నుంచి పెద్ద సందర్శక కేంద్రమే నడుస్తోంది.

అంతదూరం ఎందుకు? మన రాష్ట్రపతి భవన్‌కు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకుని వెళ్లొచ్చు. ఒకప్పుడు ఏడాదిలో కొద్ది రోజులే తెరిచే బొలారం రాష్ట్రపతి నిలయాన్ని 2023 మార్చి నుంచి ఏడాది పొడవునా చూడనిస్తున్నారు. సుప్రీంకోర్టును 2018 నుంచి, పేరు నమోదు చేసుకున్నవారికి గైడు దగ్గరుండి చూపిస్తున్నారు. రాష్ట్రపతి, న్యాయస్థానం పౌరుడిని అతని కార్డు చూసి నమ్ముతున్నప్పుడు, అతని ఓటుతో ఏర్పడిన సభకు మాత్రం మధ్యవర్తి దేనికి?

అంతా టీవీలో వస్తోంది కదా, గ్యాలరీ ఎందుకని కొందరంటారు. 2014 ఫిబ్రవరి 18న, విభజన బిల్లును లోక్‌సభ ఆమోదించిన రోజున, టీవీ ముందు కూర్చున్న తెలుగువారికి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమన్నారు. కారణం ఏదైనా, తమ రాష్ట్రం భవిష్యత్తు తేలుతున్న గంటలో కోట్లమంది ఖాళీ తెరను చూశారు. కెమెరా చూపించేది ఎప్పుడూ ఎవరో ఎంచిన ముక్కనే. గ్యాలరీలో కూర్చున్నవాడు ఖాళీ బెంచీలను చూస్తాడు, మాట్లాడుతున్న సభ్యుడి వైపు ఎవరు తిరిగి చూడటం లేదో చూస్తాడు, తన ఎంపీ వచ్చాడో లేదో చూస్తాడు. ఎవరో చూస్తున్నారన్న ఎరుక సభలో ఉన్నవారికీ అవసరం.

తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది, రాజ్యసభకు 18 మంది వెళ్తున్నారు. రాబోయే సమావేశాల్లోనే ఈ 60 మందీ పార్టీల గొడవ పక్కనపెట్టి స్పీకర్‌కు, రాజ్యసభ ఛైర్మన్‌కు ఉమ్మడిగా వినతిపత్రం ఇవ్వాలి. గ్యాలరీలో కొన్ని వరుసలు నేరుగా పౌరులకే కేటాయించాలని అడగాలి. సంవిధాన్ సదన్‌ను వారంలో ఎక్కువ రోజులు అందరికీ తెరవాలని, ఆన్‌లైన్ తెలియనివారి కోసం గేటు దగ్గరే కౌంటరు పెట్టాలని, నియమావళిలో ‘స్ట్రేంజర్స్’ మాట తీసి ‘పౌరులు’ అని రాయాలని అడగాలి. గ్యాలరీ ప్రవేశానికి బిల్లు అక్కర్లేదు, ఓటింగు అక్కర్లేదు. 386వ నిబంధన ప్రకారం అది స్పీకర్ ఉత్తర్వుతో నడిచే వ్యవహారం. ఒక్క ఉత్తర్వు చాలు.