తలపులకు తలుపు

వస్త్రం నాగరికతకు తొలి గుర్తు. ఎండవానల నుండి దేహాన్ని, పరుల చూపు నుండి మానాన్ని కాపాడటం దాని ధర్మం. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్ల ఈ ధర్మాన్ని నమ్ముకొని బతికిన నేతన్నల పట్టణం. అక్కడి నేతకారుడు నల్ల విజయ్ అగ్గిపెట్టెలో ఇమిడే చీరను నేసి 2022లో అందరినీ అబ్బురపరిచాడు. అటువంటి సన్నని పోగుకే నేడు మరొక విద్య అబ్బుతున్నది. వెండి పూత గల దారంలో విద్యుత్తు ప్రవహిస్తుంది. అటువంటి దారాలను టోపీలో, తలపట్టీలో నేసి మెదడు కదలికలను గుర్తించే ప్రయత్నాలు అనేక దేశాలలో సాగుతున్నాయి.

మెదడులోని నాడీకణాలు విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మానవుని తలపై నుండి వాటిని తొలిసారిగా నమోదు చేసి, 1929లో లోకానికి వెల్లడించాడు. అదే నేటి ఈఈజీ పరీక్షకు మూలం. తలపై అందే ఈ సంకేతాల బలం సాధారణంగా వోల్టులో పదివేలవ వంతుకు మించదు. రెప్ప వాలినా, దవడ కదిలినా, చెమట పట్టినా అవి చెదిరిపోతాయి. కనుక ఇటువంటి టోపీ మనసులోని మాటను పుస్తకం వలె చదవలేదు. మెలకువ, మగత, నిద్ర వంటి స్థితులను మాత్రం పసిగట్టగలదు.

ఆ కొద్దిపాటి శక్తి కూడా ప్రాణాలను నిలపగలదు. రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాలు సింగరేణి బొగ్గుకు పుట్టినిళ్లు. ఉపరితల గనిలో రాత్రి షిఫ్టులో భారీ డంపరు నడిపే కార్మికునికి క్షణకాలపు కునుకు మృత్యువు కావచ్చు. ఆస్ట్రేలియాలో ఇటువంటి డ్రైవర్ల కోసమే టోపీలో అమరి, మెదడు తరంగాలను బట్టి మగతను హెచ్చరించే పట్టీని రూపొందించారు. అది ఇక్కడి కార్మికునికీ మేలు చేయగలదు.

అయితే హెచ్చరిక ఎవరి చెవిన పడుతుందన్నదే అసలు ప్రశ్న. కార్మికుని చెవిన పడితే అది రక్షణ. యజమాని పద్దులోకి ఎక్కితే అది నిఘా. నేడు అలసట లెక్క, రేపు జీతంలో కోత! చైనాలోని జిన్‌హువా నగరంలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల నుదుటికి ఏకాగ్రతను కొలిచే పట్టీలు కట్టింది. ఆ వివరాలు ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు చేరేవి. 2019లో తీవ్ర విమర్శలు చెలరేగగా వాటి వాడకాన్ని ఆపివేశారు. పాఠం నడుమ ఒక విద్యార్థి తన ఊరి చెరువుగట్టును తలచుకుంటే అది నేరమా? ఊహకు ఆ మాత్రం విడుపు లేకపోతే కవి ఎక్కడ పుడతాడు? శాస్త్రవేత్త ఎక్కడ పుడతాడు?

చట్టం ఈ ప్రమాదాన్ని గమనించకపోలేదు. నిందితుని సమ్మతి లేకుండా మెదడు పరీక్షలు జరపరాదని భారత సుప్రీంకోర్టు 2010లో తీర్పు చెప్పింది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో ప్రకటించింది. చిలీ దేశం 2021లో మెదడు సమాచార రక్షణను తన రాజ్యాంగంలోనే చేర్చింది. కాని ఉద్యోగం పోతుందన్న భయంతో కార్మికుడు చేసే సంతకం సమ్మతి కానేరదు. అందువల్ల మూడు నియమాలు తప్పనిసరి. మెదడు సమాచారంపై హక్కు ధరించినవానిదే కావాలి. అతడు అనుమతించనిదే అది ఇతరులకు చేరరాదు. పట్టీని తీసివేసినందుకు అతనికి శిక్ష ఉండరాదు.

నేటి విద్యార్థులే రేపటి ఇంజనీర్లు, వైద్యులు, న్యాయవాదులు. కొత్త వస్త్రాన్ని రూపొందించే చేతులూ వారివే, దానికి హద్దులు గీసే చేతులూ వారివే. తలపులకు తలుపు ఉండాలి. దాని గడియ లోపలివైపే ఉండాలి. మానాన్ని కాపాడటానికి పుట్టిన బట్ట మనసును బట్టబయలు చేయరాదు.