విజ్ఞాన పుట: ఈగ రెక్కకు గాటు

మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే సన్నని ఈగలను చదువరులందరూ ఎరుగుదురు. మనం విసిరికొట్టే ఆ ఈగలనే న్యూయార్కులో టామస్ హంట్ మోర్గన్ పండితుడు సీసాలలో పెంచి వంశపారంపర్యం గురించి పరిశోధించాడు. ఆ రోజులలోనే, 1914 ప్రాంతంలో, జాన్ డెక్స్‌టర్ అనే శాస్త్రజ్ఞుడు కొన్ని ఈగల రెక్కల అంచున గాటు ఉండడం గమనించాడు. గాటును ఇంగ్లీషులో నాచ్ అంటారు. ఆ లోపానికి మూలమైన జన్యువుకు అదే పేరు పెట్టారు. అది తయారుచేసే మాంసకృత్తుకూ అదే పేరు నిలిచింది.

రెక్కకు గాటు పడితే ఈగ బ్రతుకుతుంది. ఆ జన్యువు బొత్తిగా లేకపోతే మాత్రం గుడ్డులోనే చస్తుంది. డొనాల్డ్ పౌల్సన్ 1930లలో అటువంటి పిండాలను పరీక్షించి, చర్మం కావలసిన కణాలు కూడా నాడీకణాలైపోయినట్లు చూశాడు. అందరూ అందలమెక్కితే మోసేవారెవరన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం! మామూలు పిండంలో నాడీకణం కాబోయేది తన ఒంటిమీది డెల్టా అనే మాంసకృత్తుతో ఇరుగుపొరుగు కణాలను తాకి, ‘ఈ పని నాది, మీరు చర్మంగా ఉండండి’ అని ఆపుతుంది. ఆ మాట వినే చెవియే నాచ్.

వినే తీరు మరీ చిత్రం. నాచ్ కణం పైపొరలో దిగి, సగం బయట, సగం లోపల ఉంటుంది. డెల్టా పట్టి లాగగానే బయటి భాగం తెగుతుంది. తరువాత గామా సెక్రెటేజ్ అనే కత్తెర లోపలి ముక్కను విడదీస్తుంది. ఆ ముక్క తిన్నగా కణకేంద్రానికి పోయి జన్యువులను మేల్కొల్పుతుంది. మా ఆఫీసులో కాగితం ఆరు బల్లలు దాటనిదే పై అధికారిని చేరదు; ఇక్కడ దళారీలే లేరు. అయితే ఒకసారి తెగిన నాచ్, చించిన కవరు వలె, మళ్ళీ పనికిరాదు.

మనుష్యులలో నాచ్‌లు నాలుగు. ఒక రకపు రక్తపు క్యాన్సరు రోగులలో సగంమందికి పైగా మొదటి నాచ్ జన్యువు చెడి, అతిగా పనిచేస్తున్నదని 2004లో తెలిసింది. చర్మంలో సంగతి వేరు. అక్కడ నాచ్ క్యాన్సరును అడ్డుకుంటుంది. ఈ తేడా ప్రాణాల మీదికి తెచ్చింది. మతిమరుపు జబ్బయిన అల్జీమర్స్‌కు ఆ కత్తెరను ఆపే సెమగసెస్టాట్ అనే మందును ప్రయోగించారు. కత్తెర ఒకటే, కోసేవి అనేకం. పుచ్చుకున్నవారికి జ్ఞాపకశక్తి మరింత తగ్గింది, చర్మపు క్యాన్సర్లు పెరిగాయి. 2010లో ప్రయోగం ఆపివేశారు.

అదే కోవకు చెందిన నిరోగసెస్టాట్ అనే మందును డెస్మాయిడ్ అనే మొండి కంతులకు వాడడానికి 2023లో అమెరికా అనుమతించింది. దానితోనూ విరేచనాలు సామాన్యం. పేగు లోపలి పొరలో ఏ కణం ఏది కావాలో చెప్పేదీ నాచే మరి.